పాము కరిచిన తొలి అరగంట

నాట్లు మొదలయ్యాయి. కాలవలకు నీళ్లొచ్చాయి, గట్ల బొరియల్లోకి నీరెక్కింది, ఎలుకలూ వాటి వెనకే పాములూ మెరకకు చేరుతున్నాయి. ఇక కోతలయ్యేదాకా ఏ ఊరి నుంచి ఫోనొచ్చినా “పురుగు ముట్టిందండీ” అంటారేమోనని నాకు గుబులే. పల్లెలకు వెళ్లి ప్రథమ చికిత్స నేర్పడం చాలాకాలంగా నేను చేస్తున్న పని. కాలిన గాయాలు, ఫిట్స్, గుండెపోటు అన్నీ చెబుతాను. ఎక్కువసేపు ఆగేది మాత్రం పాముకాటు దగ్గరే. అక్కడ నేర్పాల్సిన దానికన్నా మాన్పించాల్సింది ఎక్కువ.

కాటుకు పైన తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడగడం. ఇవి చేసేవాళ్లెవరూ రోగికి చెడు కోరేవాళ్లు కారు. కొడుకు కాలికి కాటు పడితే తండ్రి తువ్వాలు చింపి కట్టకుండా ఎలా ఉంటాడు? కానీ బిగించిన కట్టు కింద రక్తం ఆడక కాలే పాడవుతుంది. దారిలో ఎవరో కంగారుపడి దాన్ని విప్పితే, అక్కడ ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కవచ్చు. అందుకే అప్పటికే గట్టిగా కట్టేసి ఉంటే డాక్టరు ముందే విప్పించమంటాను. ఇక కోత సంగతి: రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. మనం పెట్టిన గాటులోంచే రక్తం కారుతూ ఉంటుంది.

మంత్రంతో బతికామనేవాళ్లతో నేను వాదానికి దిగను. వాళ్లు బతికిన మాట నిజం. మన చేలల్లో తిరిగే పాముల్లో చాలావాటికి విషం లేదు. జెర్రిపోతు కరిచినా, నీరుకట్టు కరిచినా మనిషికి ఏమీ కాదు. విషపాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. అలా బతికినవాళ్లంతా మంత్రగాడి పేరే చెబుతారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నిజంగా విషం ఎక్కించిన రోజున మంత్రగాడి అరుగు మీద గడిపిన గంటే ప్రాణం తీస్తుంది. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. అంటే సగటున ఏటా దాదాపు 58 వేల మంది. ఎక్కువమంది పల్లెవాళ్లు. ఆ భారం ఎక్కువగా మోస్తున్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి.

అయితే, కంగారులో ఉన్న మనుషులకు “ఏమీ చెయ్యకండి” అని చెబితే ఎవరూ వినరు. చేతులు ఊరుకోవు. కాబట్టి వాటికి పని చెప్పాలి. పది మంది చేరితే పది పనులున్నాయి. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఇంకొకరు టైము చూసి కాగితం మీద రాయాలి: ఎన్నింటికి కరిచింది, వాంతి ఎప్పుడయింది, రెప్పలు ఎప్పుడు వాలాయి. డాక్టరుకు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది. మరొకరు దగ్గరి ఆసుపత్రికి ఫోన్ చేసి పాము విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉందో లేదో కనుక్కోవాలి. తాడు పట్టుకొచ్చిన పెద్దాయన చేతికి వెదురు బద్దా కండువా ఇచ్చి, “బాబాయ్, కాలు కదలకుండా దీంతో కట్టు, వేలు దూరేంత వదులుగా” అంటే ఆయన ఎంతో శ్రద్ధగా కడతాడు. విరిగిన కాలికి కట్టే కట్టే అది. రోగిని నడిపించకూడదు, పరుగెత్తించకూడదు. కండ కదిలినకొద్దీ విషం పాకుతుంది. అంబులెన్సు రాని దారైతే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లడం మేలు. పాము కోసం వెతకడం మాత్రం ఎవరికీ అప్పగించను. విరుగుడు ఆ నాలుగు పాములకూ ఒకటే. దాన్ని కొట్టబోతే రెండో మనిషికి కాటు పడుతుంది.

ఆడవాళ్లకు కాటు పడినప్పుడు ఇంకో చిక్కు ఉంది. వాపు ఎక్కకముందే గాజులు, పట్టీలు, మెట్టెలు తీసెయ్యాలి. ఆలస్యమైతే అవే వేలికి ఉరి. కాలికి కాటు పడిన ముత్తయిదువ మెట్టెలు తీయమంటే అత్తగారి ముఖం మారిపోతుంది, అశుభమంటుంది. నేనిది తేలిగ్గా తీసుకోను. ముందు ఆ అమ్మాయినే అడుగుతాను. సరేనంటే భర్తనే తీయమంటాను. తీసి ఆమె కొంగునే ముడేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. అజీర్తి అనుకుని ఇంట్లో వాము నలిపి పెడతారు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, మింగుడుపడదు. వానాకాలంలో కిందపడుకున్న మనిషికి ఈ లక్షణాలు వస్తే ముందు పామునే అనుమానించండి. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకుండా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి అందిస్తూనే ఆసుపత్రికి చేర్చండి. కన్ను తెరవలేక, వేలు కదపలేక పడి ఉన్న ఆ మనిషికి మన మాటలన్నీ వినబడుతూ ఉండవచ్చు. పక్కన చేరి శోకాలు పెట్టవద్దని బతిమాలుకుంటాను. అలాంటివాళ్లు కొన్నిరోజులు వెంటిలేటర్ మీద ఉండి, మళ్లీ లేచి పొలానికి వెళ్తారు.

ఇదంతా విరుగుడు ఇంజక్షన్ దాకా మనిషిని చేర్చడానికే. ఆ మందు తయారీకి కావలసిన విషంలో చాలాభాగం తమిళనాడులోని ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. తరతరాలుగా పాములు పట్టిన చేతులే ఇప్పుడు వాటి నుంచి విషం తీసి పంపుతున్నాయి. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు చేస్తారు. తల్లులు తరచూ అడుగుతారు, పసివాడికి సగం మోతాదు చాలదా అని. చాలదు. పాము పిల్లవాడని చూసి విషం తగ్గించదు, అందుకే మందూ పెద్దవాళ్లంతే పడాలి.

వీలుచూసుకుని ఈ వారమే మీ పీహెచ్‌సీకి వెళ్లండి. విరుగుడు ఎన్ని సీసాలుందో, గడువు ఎప్పటిదాకా ఉందో, రాత్రిపూట ఇచ్చే డాక్టరు ఎవరో అడగండి. లేదంటే, ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కుని ఆ నంబరు రచ్చబండ దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. నాట్లకు వచ్చే వలస కూలీలకు అది ఒకసారి చదివి వినిపించండి.