కనిపెట్టుకుని ఉండటం

తెలుగు బైబిల్ చదివేవాళ్ళకి అలవాటైపోయి, బయటివాళ్ళకి కొత్తగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. 'నిరీక్షణ' అందులో ఒకటి. మనం రోజూ వాడే అర్థంలో అది ఎదురుచూపు. బస్సు కోసం, రిజల్ట్స్ కోసం, రాని ఫోన్ కోసం. బైబిల్లో మాత్రం అది ఆశ. పౌలు కొరింథీయులకు చెప్పిన మూడింటిలో, విశ్వాసానికీ ప్రేమకీ మధ్య ఉన్నది. గ్రీకు మూలంలో ఉన్న 'ఎల్పిస్' అంటే ఆశే. మరి అనువాదకులు ఆ మాటే ఎందుకు వాడలేదు? తెలుగులో ఆశకి పేరాశ, దురాశ లాంటి చుట్టాలున్నారు కాబట్టి కావచ్చు. కారణం ఏదైనా, తెలుగు క్రైస్తవుడికి ఆశపడటం, ఎదురుచూడటం ఒకే మాటలో కలిసిపోయాయి. ఇంగ్లిష్‌లో చదివేవాళ్ళకి ఈ రెండూ వేరువేరు మాటలు.

ఇంకో మాట 'కనిపెట్టు'. దేవుని కోసం కనిపెట్టుకొని ఉండమంటాయి కీర్తనలు. సిటీలో పెరిగిన మనకి కనిపెట్టడం అంటే ఎడిసన్ బల్బు కనిపెట్టడమే. ఈ మాట అసలు రుచి నాకు తెలిసింది చర్చిలో కాదు, పినపాక వైపు ఒక పోడు చేను గట్టున. జొన్న కంకి వేసే రోజులు. మంచె దిగి వచ్చిన ఒక పెద్దాయన్ని, రాత్రంతా ఏం చేస్తుంటావు తాతా అని అడిగాను. "ఏం చేస్తా, కనిపెట్టుకుని ఉంటా," అన్నాడు. అడవిపందుల కోసం చెవి, గాలివాన కోసం కన్ను. పంటని పెంచుతున్నది ఆయన కాదు, కానీ ఆయన నిద్రపోతే పంట మిగలదు. ఓపిక అంటే చేతులు ముడుచుకోవటం అనుకునే నాకు ఆ జవాబు ఒక వ్యాఖ్యానంలా పనికొచ్చింది.

మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో ఒక చిన్న ఉపమానం ఉంది. రైతు విత్తనం చల్లుతాడు, పడుకుంటాడు, లేస్తాడు. అది ఎలా మొలిచిందో అతనికే తెలియదు. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత గింజ. దేవుడు మెల్లగా పనిచేస్తాడు, తొందరపడకు అని చెప్పటానికి బోధకులు దీన్నే ఎత్తుకుంటారు. న్యాయమే. అయితే మంచె మీద మనిషిని చూశాక నాకు ఇందులో ఇంకోటి కనిపించింది. ఆ రైతుకి తెలియనిది మొలిచే రహస్యం ఒక్కటే. కొడవలి ఎప్పుడు పెట్టాలో బాగా తెలుసు. గింజ పండగానే ఆలస్యం చేయడు.

యాకోబు పత్రిక అయిదో అధ్యాయం దగ్గర నా పేచీ మొదలవుతుంది. తొలకరి, కడవరి వానల కోసం ఓపికపట్టే రైతు అందులో ఉన్నాడు. పాలస్తీనాలో ఆ మొదటి వాన అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది. 'తొలకరి' అనగానే మన రైతుకి జూన్, మృగశిర కార్తె, తడిసిన మట్టి వాసన. ఒక్క మాటతో అనువాదకుడు ఊరి వానని వాక్యంలోకి తెచ్చాడు. చాలా గొప్ప పని. కానీ ఈ వాక్యం మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఏడో వచనం దగ్గరే మొదలయ్యాయి. నాలుగో వచనంలో ఏముంది? కోతకోసిన కూలీల జీతం ఎగ్గొట్టిన ధనవంతుల మీద ఆ కూలి డబ్బే మొరపెడుతోందని ఉంది. ఓపికపట్టమన్న మాట ఆ మొర తర్వాత వచ్చింది. ముందుది కత్తిరించి వెనకది వినిపిస్తే, అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా పట్టా కోసం తిరుగుతూనే ఉన్నవాడికి అది నోరు మూసుకోమన్నట్టే వినిపిస్తుంది. ఓపిక ఎవరికి, ఎవరు చెబుతున్నారన్నది చిన్న ప్రశ్న కాదు.

మన క్రైస్తవ జ్ఞాపకం కూడా ఇలాగే కత్తిరిస్తుంది. ఒంగోలు అనగానే 1878 జులై 3, ఒక్కరోజులో 2,222 బాప్తిస్మాలు. ఆ అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో మొదలైందనీ, ఫలితం లేదని దాన్ని మూసేద్దామని చర్చ జరిగిందనీ ఎంతమందికి గుర్తు? అంతకన్నా ముఖ్యం, కరువులో బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పిస్తూ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం ఎవరూ రాకూడదని. నాకు ఆ సంఖ్య కన్నా, దానికి ముందు ఆపుకున్న ఆ చేయి పెద్దది.

పినపాక నుంచి గోదావరికి అవతల, కొంచెం దిగువన దుమ్ముగూడెం ఉంది. నదిలో పడవలు నడపటానికి వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో అక్కడ కోయల మధ్య మిషన్ మొదలైంది. పడవల పథకాన్ని 1871లో ప్రభుత్వం వదిలేసింది. మిషన్ ఆగలేదు. అక్కడ ఏళ్ళ తరబడి ఉన్న జాన్ కెయిన్ కోయల పెళ్ళిళ్ళ గురించీ పండగల గురించీ రాసినవే థర్‌స్టన్ 1909 నాటి సంపుటాల్లో కోయల అధ్యాయానికి ఆధారం. ఆ రాతల్లో దొరతనపు చూపు ఉంది, ఒప్పుకోవాలి. అయినా వాటి వెనక ఒకేచోట కుదురుగా కూర్చుని గమనించిన మనిషీ ఉన్నాడు. ఒంగోలులా చెప్పుకోవటానికి ఇక్కడ పెద్ద సంఖ్య లేదు కాబట్టి, ఈ కథ ప్రసంగాల్లోకి రాదు.

దేవుడి పని నెమ్మదిగా జరుగుతుందని నమ్మటంలో నాకు ఇబ్బంది లేదు. నమ్మేవాడు మంచె మీద మెలకువగా ఉండాలి, అంతే. 'కనిపెట్టు' అన్న మాటలో కన్ను ఉంది. అది మూసుకుని చేసే ఎదురుచూపుకి తెలుగు బైబిల్ ఈ మాట వాడలేదు.