తొలి పోషకులెవరు? మానవ పరిణామ సిద్ధాంతాల్లో కుటుంబ భావన

ఓవెన్ లవ్‌జాయ్ 1981లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ‘ది ఆరిజిన్ ఆఫ్ మ్యాన్’ వ్యాసం మానవ పరిణామ చర్చల్లో నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంది. రెండు కాళ్ళ నడక, చిన్నవైన కోరపళ్ళు, బయటికి కనిపించని అండోత్పత్తి కాలం అనే మూడు లక్షణాలను ఆయన ఒకే కారణానికి ముడివేశారు. పురుషుడు చేతులతో ఆహారం మోసుకొచ్చి ఒకే స్త్రీకి, ఆమె బిడ్డలకు అందించడమే ఆ కారణం. జంటలు స్థిరపడటంతో పురుషుల మధ్య పోరు తగ్గి కోరపళ్ళు చిన్నవయ్యాయని, తల్లికి తిరుగుడు తగ్గి కాన్పుల మధ్య ఎడం కుదించుకుపోయిందని ఆయన వాదం.

ఈ వాదానికి బలం అది వేసిన ప్రశ్నలో ఉంది. చింపాంజీకి కాన్పుకూ కాన్పుకూ మధ్య ఐదారేళ్ళు పడుతుంది; వేట, సేకరణలపై జీవించే మానవ సమూహాల్లో అది సుమారు మూడు నాలుగేళ్ళే. పాలు విడిచిన చింపాంజీ పిల్ల తన తిండిని చాలావరకు తానే వెతుక్కుంటుంది. మనిషి బిడ్డ పాలు మానిన తరువాత కూడా ఏళ్ళ తరబడి పెద్దలపైనే ఆధారపడుతుంది. అంతటి భారాన్ని తల్లి ఒక్కతే మోయలేదన్న పరిశీలన సరైనదే. సహాయకుడు భర్తే అని తేల్చడంలోనే తొందరపాటు ఉంది. శిలాజం కోరపన్ను కొలత చెప్పగలదు గాని, ఎవరు ఎవరికి వడ్డించారో చెప్పలేదు. నాన్సీ టానర్, అడ్రియన్ జిల్‌మన్ 1976లోనే స్త్రీల ఆహార సేకరణను కేంద్రంగా చేసుకొని మరొక నమూనా ప్రతిపాదించారు. స్త్రీని ఒకచోట కూర్చోబెట్టిన లవ్‌జాయ్ నమూనాలో ఆ దృష్టికి తావు లేకపోయింది.

టాంజానియాలోని హడ్జా ప్రజల మధ్య క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు చేసిన పరిశోధన ఈ చర్చను ఊహల నుండి తూనికల వైపు మళ్ళించింది. పెద్ద జంతువుల వేటకు వెళ్ళిన పురుషుడు నూటికి 97 రోజులు వట్టి చేతులతో తిరిగివచ్చేవాడు. దొరికిన మాంసం కూడా అతని ఇంటికే పరిమితం కాక గుంపంతటికీ పంపకమయ్యేది. పాలిచ్చే తల్లుల పెద్దబిడ్డల ఎదుగుదల మాత్రం కర్రతో దుంపలు తవ్వే వృద్ధ స్త్రీల శ్రమతో ముడిపడి కనిపించింది. ఋతువిరతి తరువాతి దీర్ఘ జీవితానికి హాక్స్ ఇచ్చిన వివరణకు ఇదే ఆధారం. అయితే తండ్రిని పూర్తిగా పక్కకు నెట్టడమూ సబబు కాదు. అదే హడ్జాల్లో చంటిబిడ్డలున్న తండ్రులు ఇంటికి ఎక్కువ ఆహారం తెస్తారని ఫ్రాంక్ మార్లో 2003లో చూపారు.

సారా హ్ర్డీ ‘మదర్స్ అండ్ అదర్స్’ (2009) ఈ చర్చను శరీరం నుండి మనసుకు విస్తరించింది. చింపాంజీ తల్లి తొలి నెలల్లో బిడ్డను ఇతరుల చేతికివ్వదు. మానవశిశువు పలువురి చేతుల్లో పెరుగుతూ వారి మనసెరగడం నేర్చుకుందని హ్ర్డీ ప్రతిపాదన. పిల్లలను కలిసి పెంచే మార్మోసెట్ కోతులకు మనిషివంటి బుద్ధి రాలేదే అన్న ఆక్షేపణకు, అప్పటికే తెలివైన వానరంలో ఈ పెంపకం మొదలవడమే తేడా అని సమాధానం చెప్పవచ్చు. సమాధానం సమంజసమే, కాని పరీక్షకు లొంగేది కాదు.

పరీక్షకు లొంగే ప్రశ్న మరొకటుంది. హాక్స్ సిద్ధాంతాన్ని తెలుగులోకి తెచ్చేవారు ‘గ్రాండ్‌మదర్’ అన్న మాట దగ్గరే ఆగక తప్పదు: అమ్మమ్మా, నాయనమ్మా? ఇంగ్లీషు దాచిన ఈ తేడా ఇక్కడ కీలకం. కూతురు పుట్టిన గుంపులోనే ఉంటే అమ్మమ్మ దగ్గరుంటుంది. చింపాంజీల్లోలాగా ఆడపిల్ల యుక్తవయసులో గుంపు విడిచి వెళితే మిగిలేది నాయనమ్మే. ఆమెకు మనవడి రక్తసంబంధం నిశ్చయం కాదు. దక్షిణాఫ్రికాలోని స్టెర్క్‌ఫాంటైన్, స్వార్ట్‌క్రాన్స్ గుహల్లో దొరికిన 19 హోమినిన్ల పళ్ళలో స్ట్రాన్షియంను పరిశీలించి శాండీ కోప్లాండ్ బృందం 2011లో వెల్లడించిన ఫలితం రెండవదానివైపే మొగ్గింది. చిన్న పళ్ళున్న వారిలో, అంటే బహుశా స్త్రీలలో, సగానికి పైగా వేరొకచోట పెరిగినవారే. ఆ 19లో 11 పారాంత్రోపస్ రోబస్టస్‌వి; అది మన పూర్వీకుల శాఖ కాదు. అందుచేత ఆ పళ్ళ సాక్ష్యం అమ్మమ్మను కొట్టివేయలేదు. ఆమె తరఫున సాక్ష్యం చెప్పనూ లేదు.