గోడ రంగు ఎవరిది?

విమల ‘వంటిల్లు’ కవిత తర్వాత మన విమర్శ ఇంటిలోపలి అధికారాన్ని చాలానే చర్చించింది. గోడల రంగుల్ని మాత్రం అభిరుచి కింద వదిలేసింది. తెలంగాణ పల్లెల్లో మట్టిగోడల్ని ఎర్రమన్నుతో అలికిందీ, సున్నం వేసిందీ, జాజుతో అంచులు దిద్దిందీ ఎక్కువగా ఆడవాళ్లే. అది కూలిలేని చాకిరే. అయినా ఏ గోడకు ఏ రంగన్నది వాళ్ల చేతిలో ఉండేది. సిమెంటు గోడలొచ్చాక పూత కూలికిచ్చే పనైంది. షేడ్ కార్డు డబ్బిచ్చే చేతికి వెళ్లింది. వీధివైపు రంగు యజమాని హోదా అయింది. లోపల ‘నీ ఇష్టం’ అంటూనే వంటింటికి మసి కనపడని ముదురు రంగు వేయిస్తారు. ఆ మసి తుడిచే పని మాత్రం ఆమెదే. చాకిరీ మిగిలి, ఎంపిక చేజారడాన్ని అభిరుచి అని ఎలా అంటాం? మన కథల్లో గోడలకు రంగు కనపడిన ప్రతిచోటా, దాన్ని నిర్ణయించిందెవరని అడగాలి.