కలుపే కూరైన చోట

వానాకాలంలో జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళలో కలుపు తీతకు వెళ్ళిన ఆడవాళ్ళు పొద్దుగూకాక ఇంటికొస్తుంటే కొంగులో ఒక మూట కనబడుతుంది. అందులో ఉన్నది చేలో పీకిన కలుపే. వ్యవసాయ పుస్తకాల లెక్కలో అది పంటకు శత్రువు, ఆ ఇంట్లో మాత్రం రాత్రికి కూర. తుమ్మికూర, చెంచలి, గునుగు, గంగవాయిలి... ఈ చేలల్లో వీటికి ఎవరూ విత్తు వేయరు, నీళ్ళు పెట్టరు.

గునుగు సంగతే చూడండి. లేతగా ఉన్నప్పుడు కోస్తే కూర, వదిలేస్తే పూత పట్టి బతుకమ్మకెక్కుతుంది. తుమ్మికూరేమో తెలంగాణలో చాలా ఇళ్ళలో వినాయక చవితి నాడు వండి తీరాల్సిందే. ఆకు కాస్త చేదు. ఆ చేదు విరగడానికే చింతపండు, ఆపైన వెల్లిపాయ పోపు.

పక్కన జొన్నరొట్టె లేకపోతే ఈ కూరలకు అందం రాదు. అసలు పనితనమంతా అక్కడే ఉంది. జొన్నపిండికి గోధుమపిండిలో ఉండే సాగే గుణం లేదు. చన్నీళ్ళతో కలిపితే ముద్దవుతుంది గానీ, తట్టగానే అంచులు పగిలిపోతాయి. అందుకే నీళ్ళు మసిలించి పోస్తారు. ఆ వేడికి పిండిలోని గంజి ఉబ్బి జిగురొస్తుంది. ఒక్కో రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని, అరచేతి మొదలుతో నొక్కి నొక్కి పిసుకుతారు. తర్వాత పొడిపిండి చల్లి ఒక చేత్తో తడుతూ, రెండో చేత్తో అంచు సరిచేస్తూ పోతే రొట్టె దానంతటదే గుండ్రంగా తిరుగుతూ పలచబడుతుంది.

పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్ళు అద్దుతారు. చూసేవాళ్ళకు అదేదో ఊరికే తుడిచినట్టుంటుంది. నిజానికి ఆ తడికి పైనున్న పొడిపిండి అతుక్కుని పొర కడుతుంది, లోపలి ఆవిరి బయటపడే దారిలేక రొట్టె పొంగుతుంది. తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. ఆలస్యమైతే పగుళ్ళే. పిండి కూడా తాజాగా పట్టించిందై ఉండాలి. నెలల తరబడి ప్యాకెట్లో మగ్గిన పిండి ఎంత మరిగే నీళ్ళు పోసినా చేతికి లొంగదు. రొట్టె రావడం లేదని తిట్టుకునేవాళ్ళు ముందు ప్యాకెట్ మీది తేదీ చూసుకోవడం మంచిది.

ఈ భోజనం ఒక దశలో కనుమరుగయ్యేలా ఉండింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఎన్నో కడుపులు నింపింది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఇంటికి చవక బియ్యం వస్తుంటే మెట్ట చేలల్లో జొన్న వేసే అవసరం తగ్గింది. విచిత్రంగా అదే ఏడాది జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అందులోని మహిళా సంఘాల్లో అధికులు దళిత రైతులే. 1990లలో వాళ్ళు బీడు భూముల్లో మళ్ళీ జొన్న పండించి, ఆ గింజల్నే ఊళ్ళోని పేదలకు చవకగా ఇచ్చే సొంత రేషన్ నడిపారు. విత్తనాలు బండ్లకెత్తి ఊరూరా తిప్పే పాత పంటల జాతర కూడా ఈ సంఘాలదే. 2019లో సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

ఈ రైతులు ఒకే చేలో జొన్న, కంది, పెసర, అనుము కలిపి వేస్తారు కాబట్టి కలుపుమందు కొట్టడం కుదరదు. ఒక పంటను విడిచిపెట్టే మందు పక్కదాన్ని మాడుస్తుంది. చేత్తో తీయాల్సిందే, తీస్తే కూర దొరకాల్సిందే. పత్తి ఒక్కటే వేసి మందు కొట్టిన చేలో రెండూ ఉండవు. చిరుధాన్యాల మోజు ఎంత పెరిగినా, సూపర్ మార్కెట్ సంచి ఈ ఆకుల్ని మాత్రం తెచ్చివ్వలేదు.

నగరంలో ఈ భోజనం కావాలంటే, హైదరాబాద్‌లో సాయంత్రం పూట రోడ్డు పక్కన రొట్టెలు కాల్చి అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ ఆకుల్లో గంగవాయిలి మాత్రం కూరగాయల మార్కెట్లో తేలిగ్గానే దొరుకుతుంది. కందిపప్పులో వేసేటప్పుడు చింతపండు సగానికి తగ్గించుకోవాలి, ఆకులోనే పులుపుంటుంది.