గోదావరి దాటినవాళ్ళు, మాట నేర్చినవాళ్ళు

ఊరు మారితే మనసు విశాలమవుతుందని అందరం అంటాం. ప్రయాణ వ్యాసాల్లో, ఉద్యోగ జ్ఞాపకాల్లో, ఈమధ్య కథల్లో కూడా ఇదే మాట. కొత్త చోటుకి పోవడం, కొత్త తిండి తినడం, కొత్త పండుగ చూడడం, చివర్లో 'ఎంత వైవిధ్యం!' అనుకోవడం. ఇందులో అబద్ధం లేదు, కానీ సగమే ఉంది. ఊరు ఎవరు మారారు, ఎందుకు మారారు, మారినంక ఎవరి భాష ఎవరు నేర్చుకోవాల్సి వచ్చింది? ఈ మూడూ అడగకపోతే వైవిధ్యం బస్సు కిటికీలోంచి కనబడే దృశ్యంగానే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నలు అడగడానికి ఉత్తర తెలంగాణ మంచి చోటు. నేను పెరిగింది కరీంనగర్‌ వైపు. ఉద్యోగం వల్ల కొన్నేళ్ళు ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నాను. పాత జిల్లాల లెక్కలో రెండింటికీ నడుమ గోదావరే హద్దు. కానీ అవతలి ఒడ్డున గోండులు, కోలాములు, తోటీలు, పర్ధానులు, నాయకపోళ్ళు, లంబాడీలు, మరాఠీ మాట్లాడేవాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఒకే అంగట్లో బేరాలాడతారు. ఉట్నూరు, జైనూరు అంగళ్ళలో కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. అక్కడ అందరికంటే ఎక్కువ భాషలు వచ్చింది అమ్మడానికి వచ్చిన ఆదివాసీ ఆడమనిషికి. అందరికంటే తక్కువ భాషలు వచ్చింది, నాలాగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగికి. ఊరు మారింది ఉద్యోగి, భాష మార్చుకున్నది ఊళ్ళో ఉన్నామె.

ఈ తిరకాసును మనసులో పెట్టుకుని మూడు పుస్తకాలు మళ్ళీ చదివాను. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల, హైమన్‌డార్ఫ్ ఇంగ్లీషులో రాసిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్', సామల సదాశివ 'యాది'. మూడూ మూడు రకాల రచనలు. మూడింటిలోనూ పరాయి మాటతో తలపడిన మనుషులున్నారు. ఆ తలపడడం ఒక్కొక్కరిది ఒక్కో రకం.

*

కరీంనగర్ వాళ్ళకు వలస కొత్త ముచ్చట కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు 'బాయి'ల్లో మా జిల్లాల చరిత్రంతా చెప్పేస్తుంటారు. సిరిసిల్ల నేతగాళ్ళు భీవండి, షోలాపూర్ పోయి మరాఠీ నేర్చారు. గల్ఫ్‌కు పోయినవాళ్ళు అక్కడి లేబర్ క్యాంపుల్లో మలయాళీతో, బంగ్లాదేశీతో, పాకిస్తానీతో హిందీలోనో, దానికి దగ్గరి మాటలోనో మాట్లాడుకున్నారు. యజమానితో నాలుగు అరబ్బీ ముక్కలు. వీళ్ళలో ఎవరూ వైవిధ్యం గురించి వ్యాసం రాయలేదు. రాయకపోయినా వాళ్ళకు దాని లోతు తెలుసు. మాట రాకపోతే కూలి రాదు, జ్వరమొస్తే మందు దొరకదు. పరాయి భాష ముందు నోరు పెగలక నిలబడడం ఎట్లా ఉంటుందో వాళ్ళ ఒంటికి తెలుసు.

'కొమురం భీం' నవలలో నన్ను మళ్ళీ మళ్ళీ ఆపే భాగం సరిగ్గా ఇదే. జోడెన్‌ఘాట్ పోరాటం గురించి అందరికీ తెలుసు. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీం చనిపోవడం, 'జల్ జంగల్ జమీన్' నినాదం అతని పేరుతో ముడిపడి నిలిచిపోవడం తెలుసు. కానీ నవల చెప్పే భీం నేరుగా కొండ మీద తుపాకి పట్టినవాడు కాదు. సుర్దాపూర్‌లో తమ పంట లాక్కోవడానికి వచ్చిన సిద్ధిఖ్‌ను కొట్టి చంపాక ఊరు విడిచి పారిపోయిన కుర్రాడు. బల్హార్షా, చాందా చేరి విఠోబా అనే ఆయన దగ్గర అచ్చుపనిలో కుదురుకున్నాడు. అక్కడ చదవడం, రాయడం, పరాయి భాషలు నేర్చాడు. అక్కణ్ణుంచి అస్సాం తేయాకు తోటలకు కూలీగా పోయి, ఏళ్ళ తర్వాత తిరిగొచ్చాడు.

ఈ ప్రయాణాన్ని చాలామంది కథలో మలుపుగా చదివి దాటేస్తారు. నాకది నవలకు వెన్నెముకలా కనిపిస్తుంది. ఆదివాసీ నాయకుడంటే అడవిలోంచే పుట్టాలని, బయటిగాలి సోకకూడదని మైదానం పాఠకుడికి ఒక మురిపెం ఉంటుంది. ఈ నవల ఆ మురిపాన్ని తీర్చదు. తేయాకు తోటలో తనలాంటి వేరే ప్రాంతాల కూలీలను చూశాకే భీంకు తన ఊరి దోపిడీ ఒక్క ఊరిది కాదని అర్థమవుతుంది. కాగితం చదవడం వచ్చాకే పట్వారీ కాగితం బలం ఎంతో తెలుస్తుంది. పన్నెండు గూడాలకు తమ పాలన తమకు కావాలని అడగడం వెనక, గూడెం వదిలిపోయిన ఆ ఏళ్ళున్నాయి. ఇల్లు విడిచి పోవడం అతనికి తన ఇంటినే కొత్తగా చూపించింది.

నవల రాసినవాళ్ళూ ఒక ఏరు దాటినవాళ్ళే. అల్లం రాజయ్య మంథని ప్రాంతపు మనిషి. గోదావరికి ఇవతలి రైతాంగ జీవితాన్ని రాస్తూ వచ్చిన చెయ్యి, అవతలి గోండు జీవితంలోకి వెళ్ళింది. ముసలి గోండుల నోటి జ్ఞాపకాల మీద ఆధారపడి రాసిన పుస్తకం కాబట్టే దానికి ఆ బరువు వచ్చింది. అయితే నవల నడిచిన భాష తెలుగు. గోండి మాటలు అక్కడక్కడా మెరుస్తాయి గానీ, భీం కోపం, అతని తల్లి ఏడుపు, పెద్దల ఆలోచన అన్నీ మనకు తెలుగులోనే అందుతాయి. ఇది రచయితల లోపం అనను. తెలుగు నవల తెలుగులోనే ఉంటుంది. కానీ చదివేవాడికి ఒక సౌకర్యం అమరింది. గోండి ఒక్క ముక్క రాకుండానే భీం 'మనవాడు' అయిపోయాడు. విగ్రహాలు లేచాయి, జిల్లాకు పేరొచ్చింది. ఆయన మాట్లాడిన భాష మాత్రం ఇప్పటికీ మన చెవికి శబ్దమే.

నిజానికి భాషాశాస్త్రం లెక్కలో గోండి మనకు దూరపుది కాదు. తెలుగూ గోండీ ద్రావిడ భాషల్లో ఒకే ఉపశాఖకు చెందినవి. ఆ లెక్కన తమిళం, కన్నడం కన్నా గోండే మనకు దగ్గరి చుట్టం. తోడబుట్టినదాని మాట అర్థం కాకుండా ఇన్ని వందల ఏళ్ళు పక్కపక్కనే బతికాం. 'గోండు' అన్నది కూడా బయటివాళ్ళు పెట్టిన పేరే. వాళ్ళు తమను తాము 'కోయితూర్' అనుకుంటారు.

*

రెండో పుస్తకం రాసినాయన మరీ దూరం నుంచి వచ్చాడు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టుతో భారతదేశంలో ఉన్నాడు. బ్రిటిష్‌వాళ్ళకు శత్రుదేశస్తుడు కాబట్టి హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదన్నారు. అంటే ఆయన ఆదిలాబాద్ రావడం వెనక సరదా ప్రయాణం లేదు. ఒకరకంగా ఆయనా బందీయే. జోడెన్‌ఘాట్ కాల్పుల తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకున్న నిజాం ప్రభుత్వానికి ఆయన పనికొచ్చాడు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి అనే గోండు ఊళ్ళో కాపురం పెట్టాడు. గోండి నేర్చాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో అచ్చయింది.

ఈయన పుస్తకాన్ని అనుమానంతో చదవడం తేలిక. సర్కారు పంపిన మనిషి, యూరప్ చూపు, అధికారి హోదా. ఆ అనుమానం ఉండాలి కూడా. అయినా నాకు ఆ పుస్తకంలో విలువైనదిగా తోచేది, 'గోండు సంస్కృతి' అని ఒక్క ముద్ద చేసి చెప్పకపోవడం. పర్ధానుల గురించి చదివితే ఇది తెలుస్తుంది. పర్ధానులు గోండుల కథకులు. కీక్రీ వాయిస్తూ గోండు దేవతల, వంశాల పుట్టుక పాడతారు. కానీ ఆదిలాబాద్‌లో పర్ధానుల ఇంటి భాష మరాఠీ. ఇంట్లో ఒక భాష మాట్లాడుకుంటూ, మరొకరి భాషలో మరొకరి పురాణాన్ని తరతరాలుగా గొంతులో దాచిపెట్టుకున్న జనం. ఎవరి సంస్కృతి ఎవరిది అని గీత గీయబోతే ఇక్కడ చెయ్యి ఆగుతుంది. వైవిధ్యం అంటే రకరకాల జనం వరసగా నిలబడడం అనుకుంటాం. ఇక్కడ ఒకరి జ్ఞాపకం ఇంకొకరి నోట్లో ఉంది.

హైమన్‌డార్ఫ్ మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 1982లో అచ్చయిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'లో ఆయన గొంతు మారింది. 1940లలో గోండులకు పట్టాలిప్పించిన భూములు బయటి నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లోకి పోవడం చూసి రాసిన పుస్తకమది. వలస వచ్చినవాళ్ళలో నా జిల్లావాళ్ళూ ఉన్నారు. 1929లో కాజీపేట–బల్హార్షా రైలుమార్గం పూర్తయింది, తర్వాత రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, వెంట వ్యాపారులు, రైతులు వచ్చారు. 1970 నాటి భూబదలాయింపు చట్టం కాగితం మీద ఉండగానే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పులు జరిగాయి. ఊరు మారడం మనసును విశాలం చేస్తుందనే మాటకు ఇదంతా పెద్ద అడ్డుపుల్ల. బోలెడుమంది ఊరు మారారు. వాళ్ళ పొలాలు విశాలమయ్యాయి.

అందుకే తేడా ప్రయాణంలో లేదనుకుంటాను. అవసరంలో ఉంది. భీంకు చాందాలో పరాయి మాట నేర్చుకోక తప్పలేదు. హైమన్‌డార్ఫ్‌కు అతని పని కోసం తప్పలేదు. గోదావరి దాటి వచ్చిన షావుకారికి, పట్వారీకి, ఉద్యోగికి ఆ అవసరమే రాలేదు. ఎదుటివాడే మన భాషలోకి రావాలని అధికారం ముందే ఏర్పాటు చేసిపెట్టింది.

*

మూడో పుస్తకం ఈ వాదాన్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. అందుకే దాన్ని వదలబుద్ధి కాలేదు. సామల సదాశివ 1928లో దహెగాం దగ్గరి తెనుగుపల్లెలో పుట్టారు. 2012లో పోయేదాకా జీవితంలో ఎక్కువ భాగం ఆదిలాబాద్‌లోనే గడిపారు. పెద్దగా ఊరు మారని మనిషి. అయినా తెలుగు, ఉర్దూ, ఫారసీ, హిందీ, మరాఠీ, సంస్కృతం ఆయన దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. అంజద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు. హిందుస్తానీ సంగీతకారుల గురించి తెలుగులో ముచ్చట్లు చెప్పారు. ఆ కోవలోని 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

'యాది' చదువుతుంటే పక్కన కూర్చుని ఒక పెద్దాయన సోపతిగాళ్ళను తలచుకుంటున్నట్టు ఉంటుంది. పేరే చూడండి. ఫారసీ 'యాద్' తెలుగు కొస తగిలించుకుని మన ఇంటిమాట అయింది. ఉర్దూ ఆయన తరానికి సర్కారు భాష. బడిలో తప్పనిసరిగా మీదపడ్డ భాష. అదే తరంలో ఆ భాషను పగ పట్టినవాళ్ళున్నారు, దానికి కారణాలూ ఉన్నాయి. సదాశివ ఆ తప్పనిసరిని ప్రేమగా మార్చుకున్నారు. అవసరం తలుపు దాకే తీసుకెళ్తుంది, లోపలికి పోవడం మన ఇష్టం అని 'యాది' చదివాక నాకనిపిస్తుంది.

కానీ ఆ పుస్తకానికీ ఒక హద్దుంది. ఉర్దూకు, ఫారసీకి, మరాఠీకి ఆ ముచ్చట్లలో దొరికిన పీట గోండికి దొరకలేదు. ఆయన మెహఫిల్‌లో ఉన్నవి కవిత్వమూ సంగీతమూ ఉన్న, పుస్తకాలున్న, రాజాస్థానాలున్న భాషలు. పక్క గూడెంలో కీక్రీ మీద రాత్రంతా పాడే పురాణానికి ఆ మెహఫిల్‌లోకి పిలుపు రాలేదు. సదాశివ అంతటి చెవి ఉన్నాయన విషయంలోనే ఇట్లా జరిగిందంటే, మన సాహిత్యం వినికిడి ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది.

*

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆదిలాబాద్ మళ్ళీ మన రచనల్లోకి వస్తోంది. కుంటాల జలపాతం, దీపావళికి గుస్సాడీ, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర. నెమలి ఈకల టోపీల ఫోటోలు చాలా బాగుంటాయి. ఫోటోకు భాష అక్కర్లేదు. కథకు కావాలి. 1956 తర్వాత అక్కడి బడి భాష తెలుగైంది. మార్లవాయిలో మొదలైన గోండి చదువు కొనసాగలేదు. ఆ తర్వాత జరిగిన ప్రయత్నాలు బడిని గోండిలోకి మార్చేంతగా నిలదొక్కుకోలేదు. గోండి ఇంట్లోంచి ఒకటో తరగతికి వచ్చే ఆరేళ్ళ పిల్ల మొదటిరోజే పరాయి ఊళ్ళో దిగుతుంది. ఇల్లు కదలకుండానే వలస వెళ్ళిన పిల్ల ఆమె. సిరిసిల్ల నుంచి భీవండి పోయిన కూలీకి ఎదురైన మౌనమే ఆమెకూ ఎదురవుతుంది. అతను పెద్దవాడు, ఎందుకు పోతున్నాడో తెలిసి పోయాడు. ఆమెకు అదీ తెలియదు.

నార్నూర్ మండలం గుంజాలలో పాత గోండి రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఇప్పుడు ఫోన్‌లో తెలుగు టైపు చేసినట్టే ఆ లిపీ టైపు చేయవచ్చు. ఇక గోండికి రాత లేదనే సాకు చెల్లదు. చదివేవాళ్ళు కావాలి. వాళ్ళలో మనమూ కొందరం ఉంటే బాగుంటుంది.

ఇకముందు కొత్త చోటు గురించి వచ్చే కథో వ్యాసమో చేతికొస్తే దానిలో ఒక్కటి వెతుకుదామనుకుంటున్నాను. రాసిన మనిషి ఆ చోట ఎప్పుడైనా మాట రాక నిలబడ్డాడా? నిలబడితే ఎవరు నేర్పారు, వాళ్ళకు పేరుందా? భీంకు విఠోబా ఉన్నాడు, ఆ పేరు నవలలో ఉంది. వైవిధ్యం గురించి వచ్చే రచనల్లో ఎక్కువభాగం ఈ ప్రశ్న దగ్గరే తేలిపోతాయి. ఆ నేర్పినవాళ్ళ పేర్లు కనబడడం మొదలైన రోజున, గోదావరి అవతలి సాహిత్యం తెలుగులో నిజంగా మొదలైనట్టు.