సార్వత్రికాక్షరమా? పాఠకుడి అక్షరమా?: యాన్ చికోల్డ్ అక్షరవిన్యాస పరిణామం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆధునిక గ్రాఫిక్ డిజైన్ చరిత్రను ఒక శైలి తర్వాత మరొక శైలి వచ్చినట్లుగా చెప్పడం పరిపాటి. ఈ పద్ధతిలో ప్రతి ఉద్యమం కొన్ని బాహ్యలక్షణాల జాబితాగా మిగిలిపోతుంది. ఆ లక్షణాలు ఏ భాషకు, ఏ లిపికి, ఏ పాఠకుడికి సమాధానంగా పుట్టాయనే ప్రశ్న వెనకబడుతుంది. జర్మన్ అక్షరవిన్యాసకుడు యాన్ చికోల్డ్ (1902-1974) 1925 నుంచి 1967 వరకు చేసిన కృషిని ఆధారంగా చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ‘సార్వత్రికం’గా ప్రకటితమైన సూత్రాల్లో స్థానికమైనవి ఏవి, లిపి మారినా నిలిచేవి ఏవి అన్నది తెలుగు లిపి దృష్ట్యా ఇందులో చర్చించడమైంది.

కీలకపదాలు: గ్రాఫిక్ డిజైన్, అక్షరవిన్యాసం, నూతన టైపోగ్రఫీ, బౌహౌస్, స్విస్ శైలి, తెలుగు లిపి, ముద్రణ.

1. ఉపోద్ఘాతం:

సాహిత్యవిమర్శ పాఠాన్ని పరిశీలించినంత శ్రద్ధగా పుటను పరిశీలించదు. పద్యం ఏ ఛందస్సులో ఉందో చెప్పే విమర్శకుడు అది ఏ అక్షరాల్లో, ఎంత ఎడంతో అచ్చయిందో సాధారణంగా చెప్పడు. అయినా పాఠకుడికి మొదట ఎదురయ్యేది పుటే. ఇరవయ్యో శతాబ్దపు ఐరోపాలో ఈ పుట తీవ్రమైన సైద్ధాంతిక వివాదాలకు వేదికైంది. ఆ వివాదాల్లో రెండు పక్షాల నుంచీ వాదించిన అరుదైన వ్యక్తి చికోల్డ్. యౌవనంలో నూతన టైపోగ్రఫీకి ప్రధాన సిద్ధాంతకర్తగా నిలిచి, నడివయసులో దానికి కఠిన విమర్శకుడయ్యాడు. ఈ మార్పును కొందరు పరిణతి అన్నారు, మరికొందరు ద్రోహమన్నారు. రెండు తీర్పులూ శైలిని ప్రమాణంగా తీసుకున్నవే. అతని కృషిని పఠనప్రయోజనం ప్రమాణంగా చదివితే వేరొక చిత్రం కనిపిస్తుంది.

2. నూతన టైపోగ్రఫీ - నేపథ్యం:

ఇంగ్లండులో విలియం మోరిస్ 1891లో కెల్మ్‌స్కాట్ ముద్రణాలయాన్ని స్థాపించి, యంత్రయుగపు నాసిరకం అచ్చుకు ప్రతిగా మధ్యయుగపు గ్రంథసౌందర్యాన్ని పునరుద్ధరించాడు. జర్మనీలో 1919లో వాల్టర్ గ్రోపియస్ ప్రారంభించిన బౌహౌస్ చేతిపనిని గౌరవిస్తూనే క్రమంగా యంత్రాన్ని అంగీకరించే దిశగా నడిచింది. లైప్‌జిగ్‌లో సైన్‌బోర్డులు రాసే చిత్రకారుడి ఇంట పుట్టి, అక్కడే కలంతో అక్షరాలు దిద్దడం నేర్చుకున్న చికోల్డ్ 1923లో వైమార్‌లో జరిగిన బౌహౌస్ ప్రదర్శనను చూశాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్లు. ఆ ప్రదర్శన అతని దృక్పథాన్ని మార్చింది.

1925 అక్టోబరులో ముద్రణరంగ పత్రిక ఒకదాని ప్రత్యేకసంచికకు సంపాదకత్వం వహించి ‘ఎలిమెంటారె టైపోగ్రఫీ’ పేరుతో కొత్త సూత్రాలను ప్రకటించాడు. 1928లో వెలువడిన ‘డీ నోయె టైపోగ్రఫీ’ వాటికి పూర్తిరూపం. పుటకు నడుమ ఇరుసు పెట్టి అన్నిటినీ దాని చుట్టూ పేర్చే పాత సౌష్ఠవాన్ని అతడు తిరస్కరించాడు. విషయపు ప్రాధాన్యక్రమాన్ని బట్టి పుటను అమర్చాలన్నాడు. అలంకారాలను విడిచి, కొసల్లో సెరిఫ్‌లు లేని శాన్స్‌సెరిఫ్ అక్షరాలను వాడాలన్నాడు. చేతిచిత్రం కంటే ఛాయాచిత్రానికి, ఇష్టం వచ్చిన కొలతల కంటే 1922లో స్థిరపడిన డిన్ కాగితపు ప్రమాణాలకు పెద్దపీట వేశాడు.

ఈ సూత్రాలు కేవలం రుచికి సంబంధించినవి కావు. ఆ పుస్తకం ఉద్దేశించింది ముద్రణాలయాల్లో పనిచేసేవారిని. వ్యాపారలేఖ, కరపత్రం, ప్రకటన, గోడపత్రిక వంటి నిత్యావసర ముద్రణను ఎలా తీర్చాలో ఉదాహరణలతో నేర్పింది. 1927లో మ్యూనిక్‌లోని ఫోబుస్ పాలాస్ట్ సినిమాశాలకు చికోల్డ్ రూపొందించిన పోస్టర్లు ఇందుకు నిదర్శనం. ఏటవాలుగా నడిచే అక్షరాలు, విశాలమైన ఖాళీజాగా, కత్తిరించిన ఛాయాచిత్రం దారిన పోయేవాడి చూపును క్షణంలో పట్టుకుంటాయి.

3. పెద్దక్షరాల వివాదం:

ఈ ఉద్యమపు సార్వత్రికతావాదాన్ని పరీక్షించడానికి పెద్దక్షరాల వివాదం చక్కని ఉదాహరణ. 1925లో హెర్బర్ట్ బేయర్ ‘యూనివర్సల్’ అనే అక్షరమాలను రూపొందించాడు. అందులో చిన్నక్షరాలు మాత్రమే ఉన్నాయి. అదే ఏడాది నుంచి బౌహౌస్ తన ముద్రణలో పెద్దక్షరాలను మానేసింది. ఒకే ధ్వనికి రెండు రూపాలు ఎందుకన్నది వారి వాదం. టైపు చేసేవారికి శ్రమ, నేర్చుకునే పిల్లలకు భారం, అచ్చుకూర్పుకు రెట్టింపు సామగ్రి అన్నవి కారణాలు. చికోల్డ్ కూడా ఈ వాదాన్ని సమర్థించి, తానూ ఒక సార్వత్రికాక్షరమాల కోసం ప్రయోగాలు చేశాడు.

ఈ వాదంలోని తీవ్రత జర్మన్ భాష బయట సులభంగా అర్థం కాదు. జర్మన్‌లో ప్రతి నామవాచకమూ పెద్దక్షరంతో మొదలవుతుంది. అందువల్ల పుటలో పెద్దక్షరాల సంఖ్య ఇంగ్లీషు, ఫ్రెంచి పుటల్లో కంటే చాలా ఎక్కువ. పైగా జర్మన్ ముద్రణలో రోమన్ అక్షరాలతోపాటు కోణాలు తేలిన ఫ్రాక్టూర్ లిపిశైలి కూడా నిత్యవ్యవహారంలో ఉండేది. బేయర్, చికోల్డ్‌లు ఎదుర్కొన్న ఇబ్బంది నిజమైనదే. దాని మూలం మాత్రం జర్మన్ వర్ణక్రమంలోనూ జర్మన్ ముద్రణచరిత్రలోనూ ఉంది. ఒక భాషాసమాజపు ఇబ్బందికి దొరికిన పరిష్కారానికి ‘సార్వత్రికం’ అని పేరు పెట్టడం ఈ ఉద్యమంలోని మౌలికమైన పొరపాటు. పెద్దక్షరాలే ఎరుగని తెలుగు, దేవనాగరి, అరబ్బీ వంటి లిపులకు ఈ సంస్కరణ ఇచ్చేదేమీ లేదు.

4. 1933 తర్వాతి మలుపు:

1926 నుంచి పాల్ రెన్నర్ ఆహ్వానంపై మ్యూనిక్‌లో బోధిస్తున్న చికోల్డ్‌ను 1933 మార్చిలో నాజీ ప్రభుత్వం నిర్బంధించింది. విడుదలయ్యాక అదే ఏడాది అతడు కుటుంబంతో స్విట్జర్లాండులోని బాసెల్ చేరాడు. బౌహౌస్ కూడా ఆ ఏడాదే మూతపడింది. బాసెల్‌లో అతని చేతికి ఎక్కువగా వచ్చిన పని పుస్తకాల రూపకల్పన. క్రమంగా సౌష్ఠవం, సెరిఫ్ అక్షరాలు, సంప్రదాయ పుటనిష్పత్తులు అతని పనిలోకి తిరిగివచ్చాయి.

1947 నుంచి 1949 వరకు లండన్‌లో పెంగ్విన్ సంస్థకు పనిచేయడం ఈ మలుపులో ముఖ్యఘట్టం. చవక ధరకు లక్షలాది పాఠకులకు చేరే ఆ పుస్తకాలను వేర్వేరు ముద్రణాలయాలు తమతమ అలవాట్ల ప్రకారం కూర్చేవి. చికోల్డ్ నాలుగు పుటల కూర్పు నియమావళిని రచించి, అన్ని ముద్రణాలయాలూ పాటించేలా పట్టుబట్టాడు. పదాల మధ్య ఎడం తక్కువగా ఉండాలి, వాక్యాంతంలో అదనపు ఖాళీ వదలరాదు, పెద్దక్షరాల వరుసలో అక్షరాల మధ్య ఎడాన్ని జాగ్రత్తగా సవరించాలి వంటివి అందులోని నియమాలు. ఒకప్పుడు పెద్దక్షరాల నిర్మూలనను కోరిన వ్యక్తే వాటి నడుమ ఎడం గురించి నియమం రాయడం గమనార్హం.

దీన్ని పూర్తి విరోధంగా చదవడం తేలిక. అయితే 1928 నాటి డిన్ ప్రమాణాల సమర్థన, 1947 నాటి కూర్పు నియమావళి, 1967లో వెలువడిన సబాన్ అక్షరాల మధ్య ఒక సూత్రం తెగకుండా సాగింది. గారమాండ్ సంప్రదాయాన్ని అనుసరించిన సబాన్‌ను చేతికూర్పు, లైనోటైప్, మోనోటైప్ అనే మూడు పద్ధతుల్లోనూ ఒకే విధంగా కనిపించేలా చికోల్డ్ రూపొందించాడు. రూపం సంప్రదాయమైనదే అయినా, ఏ యంత్రంపై కూర్చినా పాఠకుడికి ఒకే నాణ్యత అందాలనే లక్ష్యం ఆధునికమైనది. అతడు వదిలింది శాన్స్‌సెరిఫ్, అసౌష్ఠవం తప్పనిసరి అన్న పట్టింపును. ప్రామాణీకరణను, అచ్చుపనివారికి స్పష్టమైన సూచనలివ్వడాన్ని, పాఠకుడి సౌకర్యాన్ని అతడు వదలలేదు.

5. మాక్స్ బిల్ - చికోల్డ్ వాదప్రతివాదాలు:

1946లో స్విస్ ముద్రణ పత్రికలో బౌహౌస్ పూర్వవిద్యార్థి మాక్స్ బిల్ ఈ మలుపును తీవ్రంగా ఖండించాడు. సంప్రదాయానికి తిరిగిపోవడం కాలానికి వెన్నుచూపడమేనని అతని అభియోగం. చికోల్డ్ అదే ఏడాది ‘నమ్మకం, వాస్తవం’ అనే అర్థమిచ్చే శీర్షికతో సమాధానమిచ్చాడు. వ్యాపార ప్రకటనలకు, పారిశ్రామిక వస్తువుల ప్రచారానికి కొత్త పద్ధతి తగినదేనని అంగీకరించాడు. సాహిత్యగ్రంథాల సుదీర్ఘపఠనానికి అది తగదన్నాడు. అంతటితో ఆగక, నూతన టైపోగ్రఫీలోని అసహనానికీ నాజీ నిరంకుశత్వానికీ మనస్తత్వంలో పోలిక ఉందన్నాడు.

ఈ చివరి వాదం నిలిచేది కాదు. చికోల్డ్‌ను నిర్బంధించింది, బౌహౌస్‌ను మూతవేయించింది ఆ నిరంకుశత్వమే. అదే పాలన ఫ్రాక్టూర్‌ను జాతీయలిపిగా కొంతకాలం కీర్తించి, 1941 జనవరిలో దానిపై యూదుల ముద్రవేసి తానే నిషేధించింది. ఒక అక్షరశైలికి శాశ్వతమైన రాజకీయార్థం ఉండదని ఈ ఒక్క సంఘటన చాటుతుంది. ‘శాన్స్‌సెరిఫ్ ప్రగతి’ అన్న బిల్ పక్షపు నమ్మకానికీ, ‘శాన్స్‌సెరిఫ్ నియంతృత్వం’ అన్న చికోల్డ్ ప్రత్యారోపణకూ ఇది ఒకే సమాధానం. చికోల్డ్ వాదంలో నిలిచేది మొదటి భాగమే. క్షణకాలం చూసే పోస్టరుకూ గంటలకొద్దీ చదివే నవలకూ ఒకే విన్యాససూత్రం సరిపోదు.

6. స్విస్ శైలి - భారతదేశానికి దారి:

వాదంలో చికోల్డ్ ఒంటరివాడైనా, చరిత్ర కొంతకాలం బిల్ వైపే నడిచింది. 1957లో హెల్వెటికాగా తర్వాత పేరుపొందిన నోయె హాస్ గ్రొటెస్క్, అడ్రియన్ ఫ్రూటిగర్ యూనివర్స్ వెలువడ్డాయి. 1958 నుంచి ‘నోయె గ్రాఫిక్’ పత్రిక గ్రిడ్‌పై ఆధారపడిన స్విస్ శైలిని ప్రచారం చేసింది. 1953లో మొదలైన ఉల్మ్ డిజైన్ విద్యాలయానికి బిల్ తొలి అధిపతి. ఛార్ల్స్, రే ఈమ్స్‌ల 1958 నాటి ఇండియా రిపోర్టు నేపథ్యంలో 1961లో అహ్మదాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌పై ఉల్మ్ బోధనాపద్ధతి ప్రభావం ఉంది. ఉల్మ్‌లో చదివిన సుధాకర్ నాడ్కర్ణి బొంబాయి ఐఐటీలో డిజైన్ విద్యకు పునాదివేసినవారిలో ఒకరు.

సూత్రాలు భారతీయలిపుల దగ్గరికి వచ్చేసరికి పరీక్ష మొదలైంది. ఫ్రూటిగర్ స్వయంగా అహ్మదాబాదు సంస్థతో కలిసి దేవనాగరి అక్షరాలపై పనిచేశాడు. ఆర్.కె. జోషి వంటివారు కలం, కుంచె నడక నుంచి భారతీయాక్షరాల నిర్మాణాన్ని అధ్యయనం చేశారు. ఐరోపా పాఠం ఇక్కడ యథాతథంగా వర్తించదన్న గుర్తింపు ఆ కృషిలో ఉంది.

7. తెలుగు లిపి దృష్ట్యా పునఃపరిశీలన:

పై సూత్రాలను తెలుగు పుటపై పరీక్షిస్తే మూడు విషయాలు తేలుతాయి.

మొదటిది వరుసల ఎడం. రోమన్ చిన్నక్షరాల్లో అధికభాగం ఒకే ఎత్తులో ఒదుగుతాయి. తెలుగు అక్షరం నిలువునా మూడు అంతస్తుల్లో విస్తరిస్తుంది. ‘కీర్తి’లోని ‘ర్తి’కి పైన గుడి, కింద తవత్తు. ‘రాష్ట్రం’లో షకారం కింద టవత్తూ రవత్తూ. ఇంగ్లీషు వచనానికి సరిపోయే ఎడాన్నే తెలుగుకూ వాడితే పైవరుస వత్తులు కిందివరుస గుడులకు తగులుతాయి. తగలకుండా అక్షరాన్ని కుదిస్తే చదవడం కష్టమవుతుంది. పరిశోధనగ్రంథాల్లో రెండు లిపులూ ఒకే పుటలో ఉన్నప్పుడు ఈ సమస్య నిత్యానుభవం.

రెండవది ప్రాధాన్యసూచన. పెద్దక్షరాలు, ఇటాలిక్స్ రోమన్ పుటలో శీర్షికను, ఉదాహరణను వేరుచేసే సాధనాలు. ఇటాలిక్స్ ఇటలీ చేతిరాత నుంచి పుట్టాయి. తెలుగు అక్షరాన్ని కంప్యూటరులో పక్కకు వంచితే వచ్చే రూపానికి అటువంటి చేతిరాత ఆధారం లేదు. బొద్దు చేస్తే గుండ్రని అక్షరాల లోపలి ఖాళీ పూడిపోతుంది. కాబట్టి ప్రాధాన్యాన్ని పరిమాణం, ఖాళీజాగా, స్థానం ద్వారా చూపడం తెలుగుకు మేలు. 1928 నాటి చికోల్డ్ బోధనలో ఈ భాగం తెలుగుకు నిజంగా ఉపకరిస్తుంది.

మూడవది వరుసల కొస. సంధులు, సమాసాలు, విభక్తిప్రత్యయాలతో తెలుగు పదం దీర్ఘమవుతుంది. ఇరుకు కాలమ్‌లో రెండువైపులా వరుసలు సమం చేస్తే పదాల నడుమ పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. అక్కడ కుడికొసను సమం చేయకుండా వదిలే ఆధునిక పద్ధతి తగినది. వెడల్పైన పుటలో సాగే నవలకు సంప్రదాయపద్ధతే హాయి. ఒకే భాషలో కూడా పఠనసందర్భాన్ని బట్టి రెండు సూత్రాలూ సరైనవే.

బాపు (1933-2014) చేతి అక్షరం ఇక్కడ స్మరణీయం. పుస్తకశీర్షికల్లో అది దూరం నుంచే గుర్తుపట్టేలా ఉండి, కలం నడకను దాచుకోలేదు. అది తర్వాత కంప్యూటర్ ఫాంటుగానూ మారింది. అయితే శీర్షికకు జీవమిచ్చే ఆ అక్షరాన్ని మూడువందల పుటల వచనానికి వాడితే పాఠకుడు అలసిపోతాడు. ఇది ఆ అక్షరంలోని లోపం కాదు. శీర్షికకూ వచనానికీ ప్రయోజనం వేరు.

8. ముగింపు:

- నూతన టైపోగ్రఫీ ‘సార్వత్రికం’ అన్న సూత్రాల్లో పెద్దక్షరాల నిర్మూలన వంటివి జర్మన్ భాషాపరిస్థితుల నుంచి పుట్టినవి.
- చికోల్డ్ మలుపు శైలిలో తీవ్రమైనది. పఠనప్రయోజనం, ప్రామాణీకరణ అనే లక్ష్యాల్లో మాత్రం అవిచ్ఛిన్నత ఉంది.
- అక్షరశైలికి స్థిరమైన రాజకీయార్థాన్ని ఆపాదించిన వాదాలు రెండువైపులా బలహీనమైనవి.
- ప్రయోజనాన్ని బట్టి పుటను అమర్చాలన్న సూత్రం లిపి మారినా నిలుస్తుంది. దాన్ని అమలుచేసే కొలతలు ప్రతి లిపికీ వేరుగా నిర్ణయం కావాలి.

చికోల్డ్ పెంగ్విన్‌కు రాసిన నియమావళి నాలుగు పుటలే. తెలుగు వచనానికి వరుసల ఎడం, పదవిభజన, ఉదాహరణల అమరిక, వత్తుల పరిమాణం వంటి అంశాలపై అటువంటి నాలుగు పుటల నియమావళిని తెలుగుశాఖలు, ప్రచురణకర్తలు, ఫాంట్ రూపకర్తలు కలిసి సిద్ధం చేయగలిగితే, సిద్ధాంతగ్రంథం మొదలుకొని పాఠ్యపుస్తకం వరకు ప్రతి పుటా బాగుపడుతుంది. ఏ ఉద్యమపు శైలిని అనువదించినా రాని ఫలితం అది.