పాఠ్యపుస్తకంలో అవటు గ్రంథి: ఒక విమర్శ

పదవ తరగతి విద్యార్థులకై జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ప్రకటించిన విజ్ఞానశాస్త్ర పుస్తకంలో ‘నియంత్రణ, సమన్వయం’ అనే అధ్యాయం ఉన్నది. అందులో అవటు గ్రంథిని, అనగా థైరాయిడ్‌ను గూర్చి చెప్పినవి కొద్ది వాక్యాలే. ఈ గ్రంథి థైరాక్సిన్‌ను తయారుచేస్తుంది. దానికి అయోడిన్ కావాలి. ఆహారంలో అది కొరవడితే గళగండం రావచ్చు, మెడ వాస్తుంది. కనుక అయోడిన్ కలిపిన ఉప్పు వాడాలి. విషయం ఇంతటితో ముగిసింది. చెప్పిన దానిలో తప్పు లేదు. చెప్పక విడిచినదానివల్ల కలిగే అనర్థాన్ని గూర్చియే ఈ వ్యాసం.

ముందుగా పాఠానికి న్యాయం చేద్దాం. ఆ ఒక్క ఉప్పు వాక్యం వెనుక గొప్ప పరిశోధన ఉన్నది. శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో కలిసి 1956లో హిమాలయ పాదంలోని కాంగ్రా లోయలో ఒక ప్రయోగం ప్రారంభించారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. కొన్నేళ్లలో మొదటి రెండు భాగాలలోనూ గళగండం బాగా తగ్గింది, మూడవదానిలో తగ్గలేదు. 1962లో జాతీయ గళగండ నివారణ పథకం వచ్చింది. మన జిల్లాలో పుట్టిన శాస్త్రజ్ఞుని ఈ కృషిని పాఠంతో జతచేసి చెప్పడం ఉపాధ్యాయులకు కష్టం కాదు.

ఇక అసలు లోపానికి వద్దాం. శ్రీకూర్మంలో పదవ తరగతి చదివే ఒక బాలిక నన్నొక ప్రశ్న అడిగింది. “మేష్టారూ, మా అమ్మ అయోడిన్ ఉప్పే వాడతాది. మరి ఈ థైరాయిడ్ మాత్రెందుకు?” పాఠం చదివి కూతురు ఈ మాట అన్న మీదట తల్లి మాత్ర మానివేసింది. మొదటి వారం ఏమీ కాలేదు. “చూశావా, ఉప్పు చాలు” అనుకున్నారు. రెండు నెలలు గడిచేసరికి ఆమెకు తెల్లవారి లేవడమే కష్టమైంది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఎండలో కూడా చలి అనిపించేది. పాఠాన్ని శ్రద్ధగా చదివిన పిల్ల చేసిన తప్పిది. కనుక తప్పు పిల్లది కాదు.

పాఠం చెప్పని మొదటి విషయం: అయోడిన్ తగినంత ఉన్నా గ్రంథి చెడవచ్చు. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున స్వంత గ్రంథినే క్షీణింపజేసే వ్యాధిని 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించాడు. పొయ్యి పగిలిపోయినప్పుడు కట్టెలు ఎన్ని తెచ్చినా అన్నం ఉడకదు గదా! అటువంటి వారికి ఉప్పు మందు కాదు. గ్రంథి తయారుచేయలేని థైరాక్సిన్‌నే బయటినుండి ఇవ్వాలి. 1891లో ఇంగ్లండులో జార్జి మరే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక స్త్రీకి ఎక్కించి కోలుకొనేటట్లు చేశాడు. ఆమె మరి 28 ఏళ్లు జీవించింది. 1914లో కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు. నేటి మాత్రలో ఉన్నది ఆ పదార్థమే, ప్రయోగశాలలో తయారైనది.

రెండవది: మానిన వెంటనే ఎందుకు ఏమీ కాలేదు? రక్తంలోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది. గ్రంథి బొత్తిగా పనిచేయని వ్యక్తిలో మొదట 100 పాళ్లు ఉన్నదనుకొంటే, వారానికి 50, రెండు వారాలకు 25, నాలుగు వారాలకు ఇంచుమించు 6. ఈ లెక్కను నల్లబల్లమీద వేయించండి. మోతాదు మార్చిన మరునాడే గుణం కనబడదనీ, 6 నుండి 8 వారాల తరువాతనే రక్తపరీక్ష చేయాలనీ విద్యార్థే చెప్పగలడు.

మూడవ లోపం మరింత విచారకరం, ఏలయన దానికి సమాధానం ఆ అధ్యాయంలోనే ఉన్నది. హార్మోనుల మోతాదు తనంతట తాను సరిపడే పద్ధతిని పుస్తకం ఇన్సులిన్ ఉదాహరణతో వివరించింది. అదే సూత్రాన్ని థైరాయిడ్‌కు అన్వయించలేదు. రక్తంలో థైరాక్సిన్ తగ్గితే మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. థైరాక్సిన్ పెరిగితే అది తగ్గుతుంది. కనుక పరీక్ష కాగితంలో టి.ఎస్.హెచ్. హెచ్చుగా కనబడితే, సాధారణంగా గ్రంథి మందగించినదని అర్థం. చాలామంది “నాకు థైరాయిడ్ ఎక్కువైంది” అంటూ దీనినే తలక్రిందులుగా చదువుతున్నారు.

సరియైన మోతాదు అందరికీ ఒకటి కాదు. బరువు, వయస్సు, గుండె స్థితి, గర్భం చూసి వైద్యుడు మైక్రోగ్రాములలో నిర్ణయిస్తాడు. మాత్రను ఖాళీ కడుపున నీటితో వేసికొని, అరగంట నుండి గంట ఆగి కాఫీ, ఫలహారం తీసికోవాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకుంటే మందు సరిగా ఒంటబట్టదు. పరీక్ష సరిగా ఉండి కూడా అలసట తీరకపోతే, మోతాదును స్వయంగా పెంచుకొనరాదు; రక్తహీనత, బి-12 లోపం వంటి ఇతర కారణాలు వెదకవలసి ఉంటుంది. అధిక మోతాదు గుండె లయను చెడగొట్టి ఎముకలను బలహీనపరుస్తుంది.

తీరవాసులకు మరొక మాట. సముద్రం ప్రక్కనే ఉన్నదిగదా అని నౌపడ వంటి చోట్ల మళ్లలో పండే ముడి ఉప్పును నమ్మరాదు. అయోడిన్ కలపని సముద్రపు ఉప్పులో అది బహు స్వల్పం. ఉప్పు వాక్యం మన ఊళ్లకూ వర్తిస్తుంది. కాని అది వ్యాధిని నివారించే మాట, వచ్చిన వ్యాధికి చికిత్స చెప్పే మాట కాదు. ఈ భేదాన్ని తెలిపే రెండు వాక్యాలు పాఠంలో చేరిస్తే చాలు. అవి చేరేవరకు, ఆ రెండు వాక్యాలు ఉపాధ్యాయుని నోట రావాలి. శ్రీకూర్మం తల్లి తిరిగి మాత్ర వేసికొంటున్నది. ఉదయం గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చేది ఆ బాలికయే.